దేశాలు–కరెన్సీలు: గైడ్‌ల ఒకటి, యాప్‌ల ఇంకొకటి… ఏది చదవాలె?

అశోక్‌నగర్_గ్రూప్స్ | మంగళవారం రాత్రి 10:12

అన్నలకు, అక్కలకు నమస్తే. గ్రూప్స్‌కు చదువుతున్న. మొన్న కోఠి ఫుట్‌పాత్ మీద ఒక జీకే గైడ్ కొన్న, సగం ధరకే ఇచ్చిండు. అందుల దేశాలు, రాజధానులు, కరెన్సీల పట్టిక ఉంది. బట్టీ పడదామని కూసుంటే మా రూమ్మేట్ ఫోన్‌ల యాప్ తీసి అడ్డం తిరిగిండు.

గైడ్‌ల క్రొయేషియాకు కూనా, లిథువేనియాకు లిటాస్, ఈక్వడార్‌కు సుక్రే. యాప్‌ల మొదటి రెండిటికి యూరో, మూడోదానికి అమెరికా డాలర్. పనామాకు గైడ్ బాల్బోవా అంటది, యాప్ డాలర్ అంటది. జింబాబ్వే దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం గప్‌చుప్. ఇగ ఆఫ్రికా పేజీల 'సీఎఫ్ఏ ఫ్రాంక్' అని ఒకటే పేరు పద్నాలుగు దేశాల ముందట ఉంది. అచ్చుతప్పా, నిజమేనా?

పరీక్షల వస్తే ఏది పెట్టాలె?

మాదాపూర్_మావ | 10:20

యూపీఐ అని పెట్టు తమ్ముడూ. భూటాన్, నేపాల్, సింగపూర్, దుబాయ్, మారిషస్, ఈఫిల్ టవర్ టికెట్ కౌంటర్ దాకా పోయింది. ఇంకో రెండు నోటిఫికేషన్లు ఆగితే అన్నిటికీ అదే ఆన్సర్.

కౌంటర్_మాస్టారు | 10:47

మావ మాటలకేం గానీ, బాబూ, నేను చెప్తా విను. బషీర్‌బాగ్‌లో ఒక మనీ ఛేంజర్ కౌంటర్లో కూర్చుని రిటైరైనవాణ్ని. నీ గైడ్‌లో అచ్చుతప్పులేం లేవు, అది పాతబడింది అంతే. ఎప్పటిదో చెప్పమంటే ఈ పేర్లను బట్టే చెప్పొచ్చు. ఈక్వడార్ తన సుక్రేను 2000లోనే వదిలేసింది. బ్యాంకులు కుప్పకూలి, డాలర్‌కు 25,000 సుక్రేల లెక్కన మార్చి డాలర్‌లోకి వెళ్లిపోయారు. అంటే ఆ పేజీ పాతికేళ్ల నుంచి ఎవరూ సరిచూడకుండా ఎడిషన్ మీద ఎడిషన్ దిగుతోందన్నమాట.

యూరప్ పేజీ మాత్రం చింపేసి కొత్తగా రాసుకో. ఎస్టోనియా 2011, లాట్వియా 2014, లిథువేనియా 2015, క్రొయేషియా 2023, బల్గేరియా 2026. అన్నీ జనవరి 1నే యూరోలోకి మారాయి. బల్గేరియాతో యూరో వాడే యూరోపియన్ యూనియన్ దేశాలు 21 అయ్యాయి. యూనియన్‌లో ఉండి కూడా సొంత డబ్బు ఉంచుకున్నవాళ్లను విడిగా గుర్తుపెట్టుకో: డెన్మార్క్ క్రోన్, స్వీడన్ క్రోనా, పోలండ్ జ్లోటీ, చెక్ కొరునా, హంగరీ ఫోరింట్, రొమేనియా లియూ. పరీక్షవాడు వీటినే అడుగుతాడు. 'కిందివాటిలో యూరో వాడని దేశం' అని.

యూనియన్‌లో లేకపోయినా యూరో వాడేవాళ్లు ఉన్నారు. వాటికన్, మొనాకో, శాన్ మారినో, అండోరా ఒప్పందం ప్రకారం వాడతాయి. మాంటెనెగ్రో, కొసోవో ఎవరినీ అడక్కుండా వాడుతున్నాయి. ముందు జర్మన్ మార్క్ వాడేవాళ్లు. మార్క్ పోయి యూరో వచ్చింది కాబట్టి వీళ్లూ దాని వెనకే వెళ్లారు.

అశోక్‌నగర్_గ్రూప్స్ | 10:55

సార్, అడక్కుండ వాడుడేంది? వేరే దేశం పైసలు మన దేశంల నడుపుకోవచ్చా?

కౌంటర్_మాస్టారు | 11:08

నడుపుకోవచ్చు. ఆపేవాడెవడు? కానీ నోట్లు అచ్చేసుకునే హక్కు నీకుండదు, వడ్డీ రేటు నీ చేతిలో ఉండదు, బ్యాంకు మునిగితే నోట్లు అచ్చేసి ఆదుకునే దిక్కు ఉండదు. అవన్నీ వదులుకుంటే ధరలు కుదుటపడతాయి. ఈక్వడార్ 2000లో, ఎల్ సాల్వడార్ 2001లో ఆ బేరానికే ఒప్పుకున్నాయి. తూర్పు తిమోర్, పలావ్, మార్షల్ దీవులు, మైక్రోనేషియా కూడా డాలరే. కిరిబాటి, నౌరు, తువాలు ఆస్ట్రేలియా డాలర్ వాడతాయి.

పనామా సంగతి వేరు. అక్కడ గైడూ కరెక్టే, యాప్ కూడా కరెక్టే. బాల్బోవా 1904 నుంచి ఉంది, డాలర్‌తో ఒకటికి ఒకటి. అయితే బాల్బోవా అంటే నాణేలే. కాగితం నోట్లన్నీ అమెరికావే. 1941లో ఒక అధ్యక్షుడు సొంతంగా నోట్లు అచ్చేయించాడు. ఆయన పదవి పోవడంతో వారం తిరక్కుండానే ఆ నోట్లను వెనక్కి తీసుకున్నారు. ఆప్షన్లలో బాల్బోవా ఉంటే కళ్లు మూసుకుని అదే పెట్టు.

హాలీసిక్కా | 11:31

ఆ ఏడు రోజుల నోటు నా దగ్గర లేదు, ఉంటే ఈ పాటికి ఇల్లు కట్టేవాణ్ని.

బాబూ, వేరే దేశం డబ్బు అని ఆశ్చర్యపోతున్నావు గానీ, నువ్వు కూర్చున్న అశోక్‌నగర్‌లోనే మీ ముత్తాత కాలంలో రెండు రకాల రూపాయలు నడిచాయి. నిజాం రూపాయి హాలీ సిక్కా. అదే ఉస్మానియా సిక్కా, రాతకోతల్లో ఓ.ఎస్. బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దార్. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు. జీతం హాలీల్లో వచ్చినవాడు బొంబాయిలో ఉన్న కొడుక్కి మనియార్డర్ పంపాలంటే ఈ లెక్క కట్టుకోవాల్సిందే. బ్రిటిష్‌వాళ్ల కింద ఉన్న సంస్థానాల్లో సొంత కాగితం నోట్లు వేసుకోగలిగింది నిజాం ఒక్కడే అన్నా పెద్ద అతిశయం కాదు. 1918లో మొదలయ్యాయి. ఆ నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా ఉండేవి.

1948 సెప్టెంబర్‌లో విలీనం జరిగినంత మాత్రాన డబ్బు మారిపోలేదు. 1950లో భారత రూపాయి పక్కన చేరింది, 1951లో హాలీ అచ్చు ఆగింది, పూర్తిగా చెల్లకుండా పోయింది మాత్రం 1959లో. అంటే రాజ్యం పోయాక పదేళ్లకు పైగా దాని రూపాయి బతికింది.

సీతాఫల్‌మండి_లక్ష్మి | 11:40

మా అత్తగారి ఇనప్పెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న బిళ్లలు ఉన్నాయండీ. వెండివో కావో తెలీదు. అవేనా?

హాలీసిక్కా | 11:58

అవే అయ్యుంటాయి. అమ్మా, చార్మినార్ బొమ్మ మధ్యలో గుమ్మం ఉంటుంది చూడండి. ఆ గుమ్మంలో ఒక చిన్న ఉర్దూ అక్షరం చెక్కి ఉంటుంది. 'మీమ్' ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ కాలం. 'ఐన్' ఉంటే ఆఖరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం, అంటే 1911 తర్వాత. ఐన్ పూర్తిగా ఉందా, సగమే ఉందా అని కూడా మా కలెక్టర్లు భూతద్దం పెట్టి కొట్టుకుంటారు. ఫుల్ ఐన్, హాఫ్ ఐన్ అని రెండు ధరలు. ఏ మూలో 92 అంకె కనిపిస్తుంది, అది సంవత్సరం కాదు, ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే అబ్జద్ లెక్కలో ప్రవక్త పేరు. చాలామంది దాన్ని 1892 అనుకుని అమ్మకానికి పెడతారు.

చింతపండు పెట్టి తోమకండి దయచేసి. తోమిన బిళ్లకు సగం ధర కూడా రాదు.

కువైట్_రిటర్న్ | బుధవారం ఉదయం 6:15

రాత్రి నిద్రపోయినా, ఇప్పుడే చూసినా ఈ చర్చ. మాది కడప జిల్లా, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉండాము. కువైట్‌లో డ్రైవర్‌గా చేసి వచ్చినోణ్ని. గల్ఫ్ పేజీ ఎవురూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా.

తమ్ముడూ, ఆ పేజీలో పేర్లు తెలిస్తే చాలదు. కువైట్ దినార్, బహ్రెయిన్ దినార్, ఒమన్ రియాల్ ఈ మూడింటికి చిల్లర వెయ్యి. దినార్‌కు వెయ్యి ఫిల్స్, ఒమన్ రియాల్‌కు వెయ్యి బైసాలు. దుబాయ్ దిర్హమ్‌కు వంద ఫిల్స్, సౌదీ రియాల్‌కు వంద హలాలాలు, ఖతర్ రియాల్‌కు వంద దిర్హమ్‌లు. ఖతర్‌లో దిర్హమ్ అంటే పైసా, దుబాయ్‌లో దిర్హమ్ అంటే రూపాయి. ఇది పరీక్షలో అడగకపోతే నన్నడుగు.

కొత్తగా వచ్చిన పిల్లోళ్లు బకాలాలో, అంటే కిరాణా అంగట్లో, సరుకులు కొన్యాక బిల్లు చూసి బిత్తరపోతారు. 1.250 అని ఉంటాది. చుక్క తర్వాత మూడంకెలు. ఒకటింపావు దినార్ అది. దానికి వాడు ఒక దినార్ నోటు, పావు దినార్ నోటు ఇమ్మంటాడు. పావు దినార్‌కు కూడా నోటే, బిళ్ల గాదు. అర దినార్‌కూ నోటే. ఇంక పెద్ద నోటు ఏది అంటావా? ఇరవై! అంతే, ఆపైన లేదు. ఒక్క దినార్ మన లెక్కలో 250 రూపాయల పైమాటే కదా, ఇంక వెయ్యి నోటు ఎందుకు వాళ్లకు.

మాదాపూర్_మావ | 7:02

ప్రపంచంలో అన్నిటికన్నా ఖరీదైన కరెన్సీ కువైట్ దినార్, కాబట్టి కువైట్ అమెరికా కంటే గొప్ప ఎకానమీ అని మా ఆఫీసులో ఒకాయన రోజూ లంచ్‌లో వాదిస్తాడు. ఆయనకేమైనా చెప్పండి మాస్టారూ.

కౌంటర్_మాస్టారు | 8:30

కిలోల్లో తూచినా గ్రాముల్లో తూచినా బియ్యం అంతే ఉంటాయని చెప్పు. ఒక నోటు ఖరీదు ఎక్కువుంటే దేశం గొప్పదని కాదు, మొదట్లో యూనిట్ ఎంత పెట్టుకున్నారు, తర్వాత ఎంత నిలబెట్టుకున్నారు అన్నదే. జపాన్ యెన్ మన అర్ధరూపాయి చుట్టుపక్కలే తిరుగుతోంది, జపాన్ పేదదా?

నిలబెట్టుకోవడం అన్నాను కాబట్టి అది కూడా చెప్తాను. సౌదీ రియాల్ 1986 నుంచి డాలర్‌కు 3.75 దగ్గర కట్టి ఉంది, అంటే రేటు కదలకుండా బిగించి ఉంచారు, దాన్నే పెగ్ అంటారు. దిర్హమ్ 1997 నుంచి 3.6725. ఖతర్ 3.64. బహ్రెయిన్, ఒమన్ కూడా డాలర్‌కే కట్టి ఉన్నాయి. కువైట్ ఒక్కటే 2007లో డాలర్ ముడి విప్పి, కొన్ని కరెన్సీల బుట్టకు కట్టుకుంది. 'దిర్హమ్ పెరిగింది, ఇప్పుడు పంపించు' అని జగిత్యాల నుంచి దుబాయ్‌కు ఫోన్లు పోతుంటాయి. దిర్హమ్ ఎక్కడికీ పెరగలేదు. డాలర్ ముందు రూపాయి తగ్గింది, అంతే.

జగిత్యాల_జావేద్ | 8:41

గట్ల చెప్తే మా అవ్వ వినది సార్. 'రేటు పెరిగిందట బిడ్డా, ఎన్ని పంపుతవ్' అనే అడుగుతది.

హాలీసిక్కా | 9:15

గల్ఫ్ గురించి మాట్లాడుతూ గల్ఫ్ రూపాయి ఎత్తకపోతే నేను ఊరుకోను. కువైట్, బహ్రెయిన్, ఖతర్, దుబాయ్, ఒమన్, వీటన్నిట్లోనూ ఒకప్పుడు మన రూపాయే నడిచింది. పక్కా మన రిజర్వ్ బ్యాంకు నోటు.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, మనవాళ్లు ఇక్కణ్నుంచి నోట్ల కట్టలు పడవల్లో దాటించి అక్కడ బంగారం కొని దొంగతనంగా తెచ్చేవాళ్లు. ఆ నోట్లు గల్ఫ్ బ్యాంకుల నుంచి తిరిగి బొంబాయికి వచ్చి, బదులుగా పౌండ్లు అడిగేవి. అంటే స్మగ్లర్ల బంగారానికి మన విదేశీ మారకం కరిగిపోయేది. అందుకని 1959లో గల్ఫ్‌లో మాత్రమే చెల్లే నోట్లు విడిగా వేశారు. డిజైన్ అదే, రంగు వేరు, నంబర్ ముందు 'జెడ్' అక్షరం. హజ్ యాత్రికులకు కూడా విడిగా నోట్లుండేవి. ఇటు హైదరాబాద్‌లో హాలీ చెల్లకుండా పోయిందీ ఆ 1959లోనే.

తర్వాత ఒక్కొక్కరూ జారుకున్నారు. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్ 6న మనం రూపాయి విలువ తగ్గించాం, డాలర్‌కు 4.76 నుంచి ఏడున్నరకు. రాత్రికి రాత్రి ఖతర్, దుబాయ్ జేబులో డబ్బు కూడా తగ్గినట్టే కదా. ఆ ఏడాదే రూపాయిని వదిలేశారు. ఒమన్ 1970 దాకా ఆగింది. ఇప్పటికీ వాళ్ల చిల్లరను బైసా అనే అంటారు.

బార్కస్_భాయ్ | 10:05

హౌ భాయ్, మా దాదా చెప్పేవారు ఈ ముచ్చట. మా వాళ్లు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం ఫౌజులో చేరడానికి వచ్చినోళ్లు. చుట్టాలు ఇంకా అక్కడున్నారు.

ఇప్పుడు యెమెన్ లెక్క వినండి, మీ పట్టిక పక్కన పెడతారు. దేశం ఒకటే, కరెన్సీ పేరు ఒకటే, యెమెనీ రియాల్. కానీ సనాలో ఒక రేటు, ఏడెన్‌లో ఇంకో రేటు. యుద్ధంలో సెంట్రల్ బ్యాంకు కూడా రెండు ముక్కలైంది. ఏడెన్ వాళ్లు కొత్తగా నోట్లు అచ్చేయించారు. 2019 చివర్లో సనా వాళ్లు ఆ కొత్త నోట్లు మా దగ్గర చెల్లవన్నారు. అప్పట్నుంచి సనాలో డాలర్‌కు ఐదొందల చిల్లర ఉంటే, ఏడెన్‌లో దానికి కొన్ని రెట్లు. మా మామూజాన్ ఏడెన్ నోట్లు నడిచే ముకల్లాలో ఉంటారు. ఉత్తరాన సనా వైపున్న చెల్లెలికి డబ్బు పంపాలంటే ఒకే దేశంలో ఎక్స్‌చేంజ్ కమీషన్ కట్టాలి.

గైడ్‌లో ఏం రాస్తారు మరి? 'యెమెన్ – రియాల్' అని. అది కూడా కరెక్టే!

అశోక్‌నగర్_గ్రూప్స్ | 10:30

ఇగ నా తలకాయ తిరుగుతుంది. పద్నాలుగు దేశాల సంగతి ఎవరైన చెప్పుండ్రి. జింబాబ్వే కూడ.

మాదాపూర్_మావ | 10:34

చదువుకోవడానికి వచ్చి తలతిప్పుకుంటున్నాడు పాపం. నేనొక సింపుల్ విషయం చెప్తా. వియత్నాం వెళ్లే వాళ్లు జాగ్రత్త. నోట్లన్నిటి మీదా హోచిమిన్ బొమ్మే, 20,000 డాంగ్ నీలం, 5,00,000 డాంగ్ కూడా నీలం లాంటిదే. మా టీమ్‌లో ఒకతను టాక్సీ దిగుతూ చీకట్లో చిన్నదనుకుని పెద్దది ఇచ్చేశాడు. డ్రైవర్ థాంక్యూ చెప్పి చాలా వేగంగా వెళ్లిపోయాడట. రెండు రకాలనీ పర్సులో వేర్వేరు అరల్లో పెట్టుకోండి.

కౌంటర్_మాస్టారు | 11:20

సీఎఫ్ఏ ఫ్రాంక్ నిజమే, పద్నాలుగూ నిజమే. కాకపోతే అవి రెండు. పశ్చిమాన ఎనిమిది దేశాలది ఒకటి: సెనెగల్, మాలి, నైజర్, బుర్కినా ఫాసో, టోగో, బెనిన్, ఐవరీ కోస్ట్, గినియా బిసావ్. మధ్యన ఆరు దేశాలది ఇంకొకటి: కామెరూన్, చాద్, గాబాన్, కాంగో రిపబ్లిక్, సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్, ఈక్వటోరియల్ గినియా. రెండూ యూరోకు 655.957 దగ్గర కట్టి ఉన్నాయి, అంటే విలువ సరిసమానం. అయినా సెనెగల్ నోటు తీసుకెళ్లి కామెరూన్ దుకాణంలో ఇస్తే తీసుకోడు. ఇదంతా ఫ్రాన్స్ వలసపాలన నాటి ఏర్పాటు, ఆ పేరు, ఆ ముడి ఇంకా తెగలేదు.

ఇక్కడే పరీక్షవాడి ఉచ్చు ఉంది. గినియా పేరుతో నాలుగు దేశాలున్నాయి. ఉత్త గినియాకు గినియన్ ఫ్రాంక్, గినియా బిసావ్‌కు పశ్చిమ సీఎఫ్ఏ, ఈక్వటోరియల్ గినియాకు మధ్య సీఎఫ్ఏ, ఎక్కడో పసిఫిక్‌లో ఉన్న పపువా న్యూ గినియాకు కీనా. కాంగోలు రెండు. ఒకటి సీఎఫ్ఏ, రెండోది, అంటే డెమోక్రటిక్ కాంగో, సొంత కాంగోలీస్ ఫ్రాంక్. నేను ప్రశ్నపత్రం తయారుచేస్తే ఈ ఆరే ఇస్తాను.

దక్షిణాన నమీబియా, లెసోతో, ఎస్వాటినీ మూడింటికీ సొంత కరెన్సీలు ఉన్నా, దక్షిణాఫ్రికా ర్యాండ్‌తో ఒకటికి ఒకటి. ర్యాండ్ అక్కడ చెల్లుతుంది. వాళ్లది దక్షిణాఫ్రికాలో చెల్లదు. మనకూ భూటాన్‌కూ ఇదే వరస. ఎన్‌గుల్‌ట్రం 1974లో వచ్చింది, రూపాయికి సమానం, థింపూలో మన నోటు ఇస్తే తీసుకుంటారు. థింపూ నోటు తెచ్చి నాంపల్లిలో టీ తాగి చూడు. నేపాల్ రూపాయి 1993 నుంచి మన రూపాయికి 1.60 దగ్గర ఆగిపోయి ఉంది.

హాలీసిక్కా | 11:52

జింబాబ్వే నాకు వదలండి. వంద ట్రిలియన్ డాలర్ నోటు నా ఆల్బమ్‌లో ఉంది. ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. 2000 సంవత్సరానికి అటూ ఇటూ పొలాలు, బ్యాంకులు, పాలన అన్నీ ఒకేసారి చెదిరిపోయి, ప్రభుత్వం ఖర్చులకు నోట్లు గుద్దుకుంటూ పోయింది. 2009 మొదట్లో ఈ నోటు వచ్చింది. ఆ ఏడాదే జనం అమెరికా డాలర్‌కూ ర్యాండ్‌కూ మారిపోయారు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు రాళ్లు ఉంటాయి చూశారా, ఆ బొమ్మ ఉంటుంది నోటు ముందువైపు. పేరు బ్యాలెన్సింగ్ రాక్స్. మన మౌలాలి గుట్ట దగ్గర రాళ్లలాగే కనిపిస్తాయి.

2019లో మళ్లీ సొంత డాలర్ తెచ్చారు, అదీ పడిపోయింది. 2024 ఏప్రిల్‌లో బంగారం నిల్వలు చూపించి 'జింబాబ్వే గోల్డ్' అని కొత్తది తెచ్చారు. దాన్నే జిగ్ అంటారు. డాలర్ కూడా పక్కనే నడుస్తోంది. కాబట్టి పరీక్షలో జింబాబ్వే గోల్డ్ అనే పెట్టు.

సున్నాల గొడవ వాళ్లొక్కళ్లదే కాదు. టర్కీ 2005లో ఆరు సున్నాలు కొట్టేసింది. వెనిజులా 2008లో మూడు, 2018లో ఐదు, 2021లో ఆరు. కలిపితే పద్నాలుగు. పేరు మాత్రం ప్రతిసారీ బొలివారే, వెనకాల తోక మారుతుంది.

బార్కస్_భాయ్ | 12:10

ఇరాన్‌లో సున్నా కొట్టేసే పని దుకాణంవాడే చేస్తాడు. జియారత్‌కు, అంటే దర్గా దర్శనానికి, మషద్ వెళ్లినప్పుడు చూశా. నోటు మీద రియాల్, ధర చెప్పేది తుమాన్‌లో. పది రియాల్‌లు ఒక తుమాన్. లక్ష నోటు చూపిస్తే 'పదివేలు' అంటాడు. పరీక్షలో రియాల్ పెట్టు, బజార్లో మాత్రం తుమానా రియాలా అని అడిగి కొను.

సీతాఫల్‌మండి_లక్ష్మి | మధ్యాహ్నం 2:25

అందరూ పెద్ద పెద్ద విషయాలు చెప్తున్నారు, నాదో చిన్న సందేహం. మా అమ్మాయి బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. కిర్గిజ్ సోమ్ హైదరాబాద్‌లో ఎక్కడా దొరకలేదు, అమీర్‌పేట నుంచి సికింద్రాబాద్ దాకా అడిగాం. డాలర్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోమన్నారు. అలాగే చేశాం. ఈసారి సెలవులకు వస్తూ కొన్ని సోమ్ నోట్లు, బిళ్లలు తెచ్చింది. ఇక్కడ మారతాయా? ఇంట్లో ఉంచుకుంటే తప్పా?

కౌంటర్_మాస్టారు | 3:10

అమ్మా, ఇక్కడ కొనేవాళ్లు లేనిదాన్ని తీసుకునేవాళ్లూ ఉండరు. మా కౌంటర్లో నోట్లు పేరుకుపోతే నష్టం మాది కదా. అందుకే సోమ్, జార్జియా లారీ, కజకిస్థాన్ టెంగే లాంటివి మేం ముట్టుకునేవాళ్లం కాదు. ఆ మాటకొస్తే స్కాట్లాండ్ బ్యాంకులు వేసే పౌండ్ నోట్లు కూడా. అవి పౌండ్లే, లండన్‌లో చెల్లుతాయి, కానీ ఇక్కడ కౌంటర్లో రాణి బొమ్మో రాజు బొమ్మో లేకపోతే పక్కకు నెట్టేస్తారు. నోట్లు అమ్మాయితోనే తిరిగి పంపండి, వాడుకుంటుంది.

ఉంచుకోవడం తప్పేమీ కాదు. తిరిగొచ్చాక మిగిలిన విదేశీ నోట్లు 2,000 డాలర్ల విలువ వరకు ఉంచుకోవచ్చు. అంతకు మించినవి 180 రోజుల్లోపు అప్పగించాలి. నాణేలకు హద్దు లేదు. వెళ్లేటప్పుడు నగదుగా చాలా దేశాలకు ట్రిప్పుకు 3,000 డాలర్ల దాకా ఇస్తారు, మిగతాది కార్డులో వేసుకోవాలి. కౌంటర్లో రూపాయల కట్ట ఇచ్చి కొనాలంటే 50,000 లోపే.

ఇంకో మాట. డాలర్లు కొనేటప్పుడు కొత్త వందనోట్లు, మధ్యలో నీలం పట్టీ ఉన్నవి, అడిగి తీసుకోండి. పాత నోటు అమెరికాలో చెల్లుతుంది, అయినా బయట దేశాల్లో కౌంటర్లవాళ్లు ముఖం తిప్పుకుంటారు. మడత పడినా, మూల చిరిగినా, ఎవరైనా పెన్నుతో లెక్క రాసినా అంతే. మనవాళ్లకు కట్ట మీద పెన్ను పెట్టకపోతే తోచదు.

మాదాపూర్_మావ | 3:22

కార్డు అంటే గుర్తొచ్చింది. బయటి దేశంలో కార్డు గీకినప్పుడు మెషిన్ 'రూపాయల్లో కడతారా, ఇక్కడి కరెన్సీలో కడతారా' అని అడుగుతుంది. రూపాయలు చూడగానే సొంతూరు మనిషి కనిపించినట్టు నొక్కేస్తాం. నొక్కకండి. ఆ రేటు వాళ్లు పెట్టుకున్న రేటు, మార్జిన్ అందులోనే ఉంటుంది. బాంకాక్‌లో బాత్, టోక్యోలో యెన్. ఎక్కడుంటే అక్కడిది.

కువైట్_రిటర్న్ | సాయంత్రం 6:40

డ్యూటీ దిగినా. మాస్టారు చెప్పిన 'ఉంచుకోవచ్చు' అనేదానికి ఒక మాట కలుపుతా. ఉంచుకోవచ్చు గానీ, నమ్ముకోగూడదు.

1990 ఆగస్టులో ఇరాక్ వాళ్లు కువైట్‌లో దిగినప్పుడు మా పెదమామ అక్కడే ఉన్న్యాడు. బ్యాంకులు మూసేసినారు. కొంత జీతం దినార్లు నడుముకు కట్టుకుని అమ్మాన్ దాకా ఎట్లనో పోయి, అక్కణ్నుంచి మన విమానాల్లో బొంబాయి చేరినాడు. లక్షా డెబ్బై వేల మందిని తెచ్చినారంట అప్పుడు. దినార్ అంటే ప్రపంచంలోనే గట్టి డబ్బు కదా, యుద్ధం అయిపోతే మార్చుకుందాంలే అని దాచుకున్న్యాడు. సెంట్రల్ బ్యాంకులో ఉన్న నోట్లను ఇరాక్ వాళ్లు ఎత్తుకుపోయినారు. అందుకని విముక్తి అయినాక 1991లో కువైట్ కొత్త నోట్లు వేసి పాతవాటిని రద్దు చేసింది. గడువులోపల మార్చుకోవల్ల. మామ ఏమో రాయచోటి పక్కన పల్లెలో ఉన్న్యాడు, ఆయనకు ఎవురు చెప్తారు? తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఆ నోట్లు ఇప్పటికీ బీరువాలో ఉండాయి.

హాలీసిక్కా | 6:58

అన్నా, ఆ సిరీస్‌కు కలెక్టర్ల దగ్గర ధర ఉంటుంది. దొంగిలించిన నంబర్లేవో జాబితా ఉంది, దాన్ని బట్టి చూడాలి. దినార్ ధర రాదు గానీ ఏదో ఒకటి వస్తుంది. ఆదివారం అబిడ్స్ వైపు వస్తే పట్టుకు రండి. నంబర్లు కనిపించేలా ఫోటో మాత్రం ఇక్కడ పెట్టకండి.

కువైట్_రిటర్న్ | 7:04

అమ్మడు ఆయన. అడిగి చూసినాములే. చూపిస్తాడేమో అడుగుతా.

అశోక్‌నగర్_గ్రూప్స్ | 8:15

అన్నలూ, నోట్‌బుక్‌ల మూడు కాలమ్‌లు గీసిన. దేశం, కరెన్సీ, దేనికి కట్టి ఉంది. మూడో కాలమ్ గీసినంక గినియాలు, గల్ఫ్ అన్నీ ఒక్కసారే ఎక్కినయి. రూమ్మేట్ నా దగ్గర జిరాక్స్ అడుగుతుండు ఇప్పుడు. ఇంకా వదిలేసినవి ఏమన్న ఉన్నయా?

కౌంటర్_మాస్టారు | 8:40

రూపాయి పేరున్నవి రాశావా? పాకిస్థాన్, శ్రీలంక, నేపాల్, మారిషస్, సీషెల్స్. ఇండోనేషియా రుపియా, మాల్దీవులు రుఫియా. బ్రూనై డాలర్, సింగపూర్ డాలర్ 1967 నుంచి సరిసమానం, అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ చెల్లుతుంది. లీచ్టెన్‌స్టైన్ స్విస్ ఫ్రాంక్. వందతో భాగించని వాటిలో మారిటానియా ఊగియా, మడగాస్కర్ అరియారీ రాసుకో, రెండూ ఐదు భాగాలు. మనదీ 1957 దాకా పదహారణాలే కదా. చాలు, ఇంక పాలిటీ చదువుకో.

సీతాఫల్‌మండి_లక్ష్మి | 9:05

మాస్టారూ, ధన్యవాదాలు. నోట్లు పిల్లకిచ్చి పంపేస్తా. బిళ్లల్లో ఒకటి విచిత్రంగా ఉంది, మూడు సోమ్‌లట. రెండు, ఐదు విన్నాం గానీ మూడు రూపాయల బిళ్ల ఎక్కడైనా ఉంటుందా?

హాలీసిక్కా | 9:09

ఉంటుంది, కిర్గిజ్‌స్థాన్‌లో 2008 నుంచి ఉంది. నా దగ్గర లేదు. అమ్మా, అది నాకిస్తే బదులుగా హాఫ్ ఐన్ చార్మినార్ బిళ్ల ఒకటి ఇస్తాను.

మాదాపూర్_మావ | 9:11

ఈ రేటు ఎవరు ఫిక్స్ చేశారు?

హాలీసిక్కా | 9:12

నేనే. పక్కా పెగ్. బేరాల్లేవు.

సీతాఫల్‌మండి_లక్ష్మి | 9:20

ఇంట్లోనే చార్మినార్ బిళ్లలు బోలెడున్నాయి నాకు. ఫుల్ ఐన్ ఉంటే చెప్పండి, ఆలోచిస్తాను.